హార్డ్ డిస్కులో నిర్ణయించేది ఆ ఉక్కు రేకే

పనిచేయడం మానేసిన హార్డ్ డిస్కు ఒకటి మూత తీసి చాలా కాలంగా నా బల్ల మీద ఉంది. దాన్ని చూసినవారి కన్ను మొదట అద్దంలా మెరిసే డిస్కు మీద పడుతుంది, ఆ తరువాత మూలనున్న బలమైన అయస్కాంతాల మీద పడుతుంది. ఆ రెండింటి నడుమ చాచిన చేతిలా ఒక అల్యూమినియం భుజం ఉంటుంది. దాని కొసన సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలు రేకు ఒకటి మొదట వెడల్పుగా మొదలై, కొసకు వచ్చేసరికి సన్నబడుతుంది. రేకు చివర ఆవగింజ కన్నా చిన్న నల్లని సిరామిక్ ముక్క అతికించి ఉంటుంది. ఆ ముక్కను స్లైడర్ అంటారు. సమాచారాన్ని చదివే, రాసే హెడ్ దాని వెనుక అంచులో ఉంటుంది. ఆ రేకును సస్పెన్షన్ అంటారు.

హార్డ్ డిస్కుల కథ చెప్పేవారు అయస్కాంత పూతల గురించి, హెడ్‌లోని భౌతికశాస్త్రం గురించి, బలహీనమైన సంకేతం నుంచి బిట్లను విడదీసే గణితం గురించి ఎంతో ఆసక్తిగా చెబుతారు. సస్పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది హెడ్‌ను మోసే బద్ద అని ఒక్క వాక్యంలో దాటిపోతారు. ఈ చిన్నచూపు నాకు సమ్మతం కాదు. ఒక డ్రైవు ఎంత సన్నని ట్రాకును, అంటే డిస్కు మీద సమాచారం రాసే వలయాన్ని, నిలకడగా పట్టుకోగలదో చివరికి తేల్చేది ఆ రేకు ఆకారమేననీ, అక్కడ జరిగిన తప్పును నియంత్రణ సాఫ్ట్‌వేరు కొంతవరకు కప్పిపుచ్చగలదే తప్ప పోగొట్టలేదనీ నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారమైన లెక్కలూ కారణాలూ ఇక్కడ చెబుతాను.

హెడ్ డిస్కు మీద ఎగురుతుందని చెప్పి, నేలకు వెంట్రుకవాసి ఎత్తున దూసుకుపోయే విమానంతో దాన్ని పోల్చడం పరిపాటి. ఆ పోలిక సస్పెన్షన్‌ను పూర్తిగా మరుగున పడేస్తుంది కాబట్టి నాకు నచ్చదు. విమానాన్ని కిందికి లాగేది దాని బరువు. స్లైడర్ సంగతి అలా కాదు. ఫెమ్టో అని పిలిచే నేటి స్లైడర్ పొడవు 0.85 మి.మీ., వెడల్పు 0.7 మి.మీ., మందం 0.23 మి.మీ.; దాని ద్రవ్యరాశి 0.6 మిల్లీగ్రాము కూడా ఉండదు. దాన్ని డిస్కు వైపు నొక్కి ఉంచేది సస్పెన్షన్‌లోని స్ప్రింగు బలం. ఆ బలం సుమారు రెండున్నర గ్రాముల బరువుకు సమానం, అంటే స్లైడర్ సొంత బరువుకు నాలుగు వేల రెట్లకు పైమాట. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే మూడున్నర అంగుళాల డిస్కు బయటి అంచు గంటకు 120 కిలోమీటర్లకు మించిన వేగంతో కదులుతూ తనతో గాలిని లాక్కొస్తుంది. ఆ గాలి స్లైడర్ కిందికి దూరి, నలిగి, పీడనంగా మారి పైనుంచి నొక్కే స్ప్రింగుకు ఎదురు నిలుస్తుంది. కాబట్టి దీన్ని ఎగరడం అనడం కన్నా రెండు స్ప్రింగుల మధ్య నిలవడం అంటే సరిగా ఉంటుంది. కింద ఉన్న గాలి స్ప్రింగు మహా బిగువైనది, పైన ఉన్న ఉక్కు స్ప్రింగు దానితో పోలిస్తే లేనట్టే అనిపించేంత మెత్తనిది. డిస్కు ఉపరితలం తిరిగేటప్పుడు మైక్రాన్ల మేర లేచి పడుతున్నా, దానికీ హెడ్‌కూ మధ్య ఎడం నానోమీటర్లలో స్థిరంగా ఉండగలుగుతోందంటే, గాలి చెప్పినట్టల్లా ఉక్కు వింటున్నందువల్లనే.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ అనే యంత్రంలో 24 అంగుళాల డిస్కులు 50 ఉండేవి. హెడ్‌ను డిస్కుకు తగలకుండా ఆపడానికి కంప్రెసర్ నుంచి గాలిని గొట్టాలతో పంపేవారు, ఎడం సుమారు 20 మైక్రాన్లు. 1961లో ఐబీఎం ప్రకటించిన 1301 అనే డ్రైవులో డిస్కు తిరుగుడుతోనే గాలి పొర పుట్టే పద్ధతి వచ్చింది, కంప్రెసర్ అవసరం తీరింది. అసలు మలుపు 1973లో వచ్చిన 3340తో, అంటే వించెస్టర్ అనే పేరుతో ప్రసిద్ధమైన డ్రైవుతో వచ్చిందని నేను అనుకుంటాను. అంతకు ముందు హెడ్‌ను వందల గ్రాముల బలంతో నొక్కేవారు. వించెస్టర్‌లో ఆ భారాన్ని ఇరవై గ్రాములకు లోబడి ఉంచి, హెడ్‌ను తేలిక చేసి, డిస్కు ఆగినప్పుడు హెడ్ దాని మీదే దిగి కూర్చునేలా చేశారు. దీన్ని చాలామంది డిస్కు పూత సాధించిన విజయంగా రాస్తారు. పూత పాత్ర నిజమే, కానీ భారం తగ్గకుండా ఏ పూతా ఆ రాపిడిని తట్టుకునేది కాదు. భారం తగ్గాలంటే దాన్ని నమ్మకంగా, ప్రతి ముక్కలోనూ ఒకేలా ఇవ్వగల సన్నని స్ప్రింగు కావాలి. ఐబీఎం ఇంజనీరు వాట్రస్ పేరున 1970లలో వచ్చిన పేటెంట్లలో ఆ స్ప్రింగు రూపం స్పష్టంగా కనిపిస్తుంది: అంచులు మడిచిన కోసుగా ఉండే దూలం, దాని కొసన వేరుగా అతికించిన పలచని రేకు, ఆ రెండింటి మధ్య ఒక చిన్న బొడిపె. పరిమాణాలు ఎంతో మారినా నేటికీ ఆ మూడే ఉన్నాయి.

వీటిని నేటి పేర్లతో పిలిస్తే మొదట బేస్ ప్లేట్ వస్తుంది. దాని మీద ఉన్న చిన్న గొట్టంలాంటి అంచును అల్యూమినియం భుజంలోని రంధ్రంలో పెట్టి, లోపలి నుంచి ఉక్కు గుండును తోసి, ఆ అంచు ఉబ్బి రంధ్రంలో బిగిసేలా చేస్తారు. దీన్ని స్వేజింగ్ అంటారు; మరలూ జిగురూ ఏమీ ఉండవు. తరువాతది హింజ్, అంటే స్ప్రింగు పనిచేసే వంగిన భాగం. ఆపైన లోడ్ బీమ్ అనే గట్టి దూలం. చివరన ఫ్లెక్షర్ అనే పలచని రేకు, దాని నడుమ నాలుకలా కత్తిరించిన భాగం మీద స్లైడర్. ఈ నాలుకకు లోడ్ బీమ్ మీది నుంచి ఒకే ఒక చోట, డింపుల్ అనే బొడిపె కొన దగ్గర, బలం అందుతుంది.

ఈ రేకు నుంచి మనం కోరేవి ఒకదానికొకటి విరుద్ధమైనవి. పైకీ కిందికీ అది ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. పక్కకు, అంటే ట్రాకులకు అడ్డంగా కదిలే దిశలో, ఎంత బిగువుగా ఉంటే అంత మంచిది. స్లైడర్ ముందుకూ వెనక్కీ, ఎడమకూ కుడికీ తల ఊపడానికి అడ్డు ఉండకూడదు, కానీ నిలువు అక్షం మీద తిరగకూడదు. పలచని రేకును ఎంచుకోవడంలోనే సగం జవాబు ఉంది. రేకు నిలువుగా వంగడానికి చూపే దృఢత్వం మందం ఘనంతో పెరుగుతుంది, పక్కకు వంగడానికి చూపేది వెడల్పు ఘనంతో పెరుగుతుంది. కాబట్టి ఆ రెంటి నిష్పత్తి వెడల్పును మందంతో భాగించి వర్గం చేసినంత. మూడు మిల్లీమీటర్ల వెడల్పు, 30 మైక్రాన్ల మందం ఉన్న సాదా రేకును తీసుకుంటే పక్క దృఢత్వం నిలువు దృఢత్వానికి పది వేల రెట్లు. ఖరీదైన లోహం ఏదీ ఇవ్వలేని ఈ తేడాను కేవలం ఆకారం ఇస్తోంది. యంత్ర నిర్మాణం నేర్చుకునేవారికి దృఢత్వమే బలం, మెత్తదనం లోపం అన్న భావన తొలిరోజుల్లోనే నాటుకుపోతుంది. దాన్ని వదిలించడానికి ఈ రేకు కన్నా మంచి పాఠం నాకు తెలియదు.

మెత్తదనం ఎందుకంత అవసరమో ఒక చిన్న లెక్క చూపుతుంది. నిలువు దృఢత్వం మీటరుకు 20 న్యూటన్లు అనుకుందాం. రెండున్నర గ్రాముల భారం రావాలంటే స్ప్రింగును సుమారు 1.2 మి.మీ. వంచాలి, అందుకే బిగించకముందు సస్పెన్షన్ డిస్కు మట్టం కన్నా బాగా కిందికి వంగి ఉండేలా హింజ్‌ను ముందే మడిచి తయారుచేస్తారు. ఇప్పుడు కూర్పులో ఎక్కడో 50 మైక్రాన్ల ఎత్తు తేడా వచ్చిందనుకోండి. భారం నాలుగు శాతం మారుతుంది, గాలి పొర దాన్ని భరిస్తుంది. అదే స్ప్రింగు పది రెట్లు బిగువుగా ఉంటే, అంతే తేడాకు భారం నలభై శాతం మారి, ఒక హెడ్ డిస్కును రాసుకుంటూ పోయేది, ఇంకొకటి చదవలేనంత ఎత్తున ఉండిపోయేది.

ఇక డింపుల్. భూతద్దం కింద పట్టకారు కొనతో స్లైడర్ అంచును తాకితే అది తల ఊపడం కనిపిస్తుంది, వదలగానే యథాస్థితికి వస్తుంది. మిల్లీమీటరు దూరంలో పదో వంతు గ్రాము బరువు ఉంచితే ఒక డిగ్రీ వంగేటంత మెత్తదనం అక్కడ ఉంటుంది. ఆ కదలికకు ఇరుసు లేదు, బేరింగు లేదు, నూనె లేదు. ఉన్నది కొన్ని పదుల మైక్రాన్ల ఎత్తున్న గుండ్రని బొడిపె, దానికి ఆనుకున్న నాలుక. భారం మొత్తం ఆ బిందువు గుండా వెళుతుంది, పక్క బలాన్ని అక్కడి రాపిడి అడ్డుకుంటుంది, వంపులను ఫ్లెక్షర్ సన్నని కాళ్ళు అనుమతిస్తాయి. భారాన్ని ఒక భాగానికి, వంపును ఇంకో భాగానికి అప్పగించి, రెండూ ఒకదాని పనికి మరొకటి అడ్డు రాకుండా చేసిన ఈ విభజన నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అయితే దీనికీ ఒక ధర ఉంది. కుదుపు వచ్చి నాలుక డింపుల్ నుంచి విడిపడి తిరిగి తగిలితే దెబ్బ తగులుతుంది. అందుకే నాలుక హద్దు దాటి తొలగకుండా లిమిటర్ అనే చిన్న కొక్కేలు పెడతారు.

నేను ఎక్కువ చెప్పదలచుకున్నది మెలి గురించి. ఏ రేకుకైనా తన సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. సస్పెన్షన్‌లో ముఖ్యమైనవి మూడు రకాలు: నిలువుగా వంగేవి, పొడవు వెంట మెలితిరిగేవి, పక్కకు ఊగేవి. నిలువు వంపు హెడ్‌ను ట్రాకు దాటించదు కాబట్టి దానితో పెద్ద బాధ లేదు. పక్క ఊపు నేరుగా ట్రాకు దాటిస్తుంది, కానీ ఆ దిశలో రేకు బిగువైనది కాబట్టి దాని పౌనఃపున్యం పది కిలోహెర్ట్జ్ దాటిన తరువాతే వస్తుంది. మోసం చేసేది మెలి. రేకు మెలితిరిగితే హెడ్ ఒక పక్కకు ఒరగాలే గాని ట్రాకు ఎందుకు దాటాలి అని ఎవరికైనా అనిపిస్తుంది, మొదట్లో నాకూ అలాగే అనిపించింది.

సస్పెన్షన్ నమూనాను మొదటిసారి కంప్యూటరులో కట్టినప్పుడు నేను రేకును చదునుగా గీశాను. హింజ్ దగ్గరి వంపు భారం కోసమే తప్ప కంపనాలతో దానికి సంబంధం లేదని అనుకున్నాను. నమూనా చెప్పిన మెలి పౌనఃపున్యం, లేజరు కిరణంతో స్లైడర్ పక్క కదలికను కొలిచినప్పుడు వచ్చిన పౌనఃపున్యం దాదాపు కలిశాయి. కలవనిది శిఖరం ఎత్తు, అంటే ఆ పౌనఃపున్యం వద్ద హెడ్ పక్కకు ఊగే మేర. నమూనాలో కనీకనిపించని గుట్టలా ఉన్నది కొలతలో నిటారుగా లేచి నిలిచింది. ఎన్నో రోజులు కంపనాన్ని అణచే డ్యాంపింగ్ అంకెలను మారుస్తూ గడిపాను, ఫలితం లేకపోయింది. చివరికి వంపును ఉన్నది ఉన్నట్టు గీసినప్పుడు ఆ శిఖరం తనంతట తానే లేచింది. కారణం ఇది: రేకు ఒక అక్షం చుట్టూ మెలితిరుగుతుంది, ఆ అక్షం డింపుల్ కొన గుండా పోతే హెడ్ ఒరుగుతుంది గాని జరగదు, అక్షం కొనకు పైనో కిందో పోతే ఆ ఎడానికి తగినట్టు హెడ్ పక్కకు జరుగుతుంది. అక్షం ఎక్కడ పోతుందన్నది ద్రవ్యరాశి రేకు తలానికి ఎంత పైన, ఎంత కింద పరుచుకుని ఉందో దాన్ని బట్టి, అంటే హింజ్ వంపు ఆకారాన్ని బట్టి ఉంటుంది.

వంపులో కొన్ని పదుల మైక్రాన్ల తేడా చాలు, శిఖరం పూర్తిగా అణగడానికీ, లేవడానికీ. ఆ శిఖరం దాదాపు సున్నా అయ్యే వంపును వెతికి పట్టుకోవడం ఈ రంగంలో ప్రధానమైన పని. ఇందులో మరో చిక్కు ఉంది. ఒకే సస్పెన్షన్‌ను డిస్కుకు కొద్దిగా ఎక్కువ ఎత్తులో బిగిస్తే వంపు మారుతుంది, వంపు మారితే అక్షం మారుతుంది. కాబట్టి ఒకే డ్రైవులోని హెడ్లన్నీ ఒకే శిఖరాన్ని చూపవు. అందుకే సున్నా దొరికిన బిందువు కన్నా, ఆ బిందువుకు అటూ ఇటూ శిఖరం మెల్లగా పెరిగే ఆకారమే మంచిదని నేను వాదిస్తాను. కాగితం మీద అతి తక్కువ అంకె చూపే ఆకారం తయారీలో నిలబడకపోతే దాని వల్ల మేలు లేదు.

ఇక్కడే సాఫ్ట్‌వేరు మాట వస్తుంది. నియంత్రణ వ్యవస్థల మీద పనిచేసే మిత్రులు నాతో తరచుగా అనే మాట, శిఖరం ఎక్కడుందో చెబితే నాచ్ ఫిల్టరు పెట్టి దాన్ని కోసేస్తాం అని. వారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ మాటతో ఏకీభవించలేను. నాచ్ ఫిల్టరు చేసేది, భుజాన్ని తిప్పే వాయిస్ కాయిల్ మోటారుకు వెళ్ళే ఆజ్ఞలో ఆ పౌనఃపున్యం లేకుండా చూడడం. మోటారు రేకును కుదపకుండా అది ఆపుతుంది, నిజమే. రేకును కుదిపేది మోటారు ఒక్కటే కాదు కదా! డిస్కుల మధ్య సుడులు తిరిగే గాలి అన్ని పౌనఃపున్యాల వద్దా రేకును తడుతూనే ఉంటుంది, దానికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు. ఆ గాలి మేల్కొలిపిన మెలిని నాచ్ ఫిల్టరు చూసీ చూడనట్టు వదిలేస్తుంది, ఎందుకంటే ఆ పౌనఃపున్యం వద్ద ఏమీ చేయవద్దనే దాని నిర్మాణం చెబుతోంది.

రెండో కారణం, హెడ్ ఎక్కడుందో డ్రైవుకు ఎప్పుడూ తెలియదు. డిస్కు మీద అక్కడక్కడా రాసిపెట్టిన సర్వో గుర్తుల మీదుగా పోయినప్పుడే తెలుస్తుంది. చుట్టుకు 300 గుర్తులు ఉన్నాయనుకుంటే, సెకనుకు 120 చుట్ల చొప్పున 36,000 కొలతలు వస్తాయి. అంటే 18 కిలోహెర్ట్జ్ దాటిన కంపనం వ్యవస్థకు తన అసలు రూపంలో కనిపించదు, తక్కువ పౌనఃపున్యం వేషంలో కనిపిస్తుంది. మూడోది, ఫిల్టరు ఎంత వెడల్పుగా ఉంటే అంత దశాలస్యం వస్తుంది, ఆ ఆలస్యం నియంత్రణ వేగాన్ని తగ్గిస్తుంది. శిఖరం ఒక్కో ముక్కలో ఒక్కో చోట ఉంటే, వేడికి ఇంకాస్త కదిలితే, ఫిల్టరును వెడల్పుగా పెట్టక తప్పదు. అంగుళానికి 5,00,000 ట్రాకులు ఉన్న డిస్కులో ట్రాకుల నడుమ దూరం సుమారు 50 నానోమీటర్లు. అందులో పదో వంతు కన్నా హెడ్ తప్పుకోకూడదని పెట్టుకుంటే మనకున్న అనుమతి ఐదు నానోమీటర్లు. ఆ ఐదింటిలో గాలి తిన్న భాగాన్ని ఏ సమీకరణమూ తిరిగి ఇవ్వదు.

ఎదుటి వాదనలో నిజం లేదని అనడం లేదు. హెడ్ ఎత్తు విషయంలో విద్యుత్తు యంత్ర నిర్మాణాన్ని నిజంగానే ఆదుకుంది. హెడ్ పక్కనే చిన్న హీటరు పెట్టి, దాని వేడికి హెడ్ కొన నానోమీటర్ల మేర ఉబ్బేలా చేసి, డిస్కుకు ఒకటి రెండు నానోమీటర్ల దగ్గరికి తేగలుగుతున్నారు. ఒక్కో హెడ్‌కు ఎంత వేడి కావాలో విడివిడిగా నిర్ణయిస్తారు కాబట్టి, భారంలోనో స్లైడర్ వాలులోనో ఉన్న చిన్న తేడాలు సర్దుకుంటాయి. అయితే అవన్నీ నిలకడగా ఉండే తేడాలు, మారినా మెల్లగా మారేవి. ఇక పక్క కదలిక విషయంలో పైజో స్ఫటికాలు తెచ్చిన మార్పు అంతకన్నా పెద్దది. వోల్టేజీ ఇస్తే ఒకటి సాగి, మరొకటి కుంచించుకుని, హెడ్‌ను సన్నగా పక్కకు జరిపే, మోటారుకు తోడైన ఈ రెండో దశ వల్ల నియంత్రణ వేగం బాగా పెరిగింది.

కానీ ఆ స్ఫటికాలు ఉన్నది ఎక్కడ? సస్పెన్షన్ మీదే. బేస్ ప్లేట్ దగ్గర పెడితే లోడ్ బీమ్ మొత్తం ఊగుతుంది, కదలిక ఎక్కువ వస్తుంది, దానితోపాటు పక్క ఊపు కూడా నిద్ర లేస్తుంది. స్ఫటికం సాగడానికి ఆ చోట రేకును మెత్తబరచాలి, మెత్తబరిస్తే పక్క దృఢత్వం పోతుంది. ఈ బాధ పడలేక స్ఫటికాలను గింబల్ (స్లైడర్‌ను తల ఊపనిచ్చే ఫ్లెక్షర్ భాగం) దగ్గరికి, స్లైడర్ పక్కకు తెచ్చారు; అక్కడ అవి స్లైడర్‌ను మాత్రమే డింపుల్ చుట్టూ తిప్పుతాయి. కదిలే ద్రవ్యరాశి తక్కువ కాబట్టి బరువైన దూలం కదలదు, పై శిఖరాలు లేవవు. జరిగే దూరం మాత్రం తగ్గుతుంది. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ కోయాలి, ఎక్కడ మడవాలి అన్న ఈ ప్రశ్నలన్నీ లోహంలో తేలవలసినవే. రెండో దశ యంత్ర నిర్మాణానికి ప్రత్యామ్నాయం కాలేదు, దాని పనిని ఇంకా కష్టతరం చేసింది.

కుదుపును తట్టుకునే విషయంలోనూ సాఫ్ట్‌వేరు పాత్ర అంతంతే. డిస్కు తిరుగుతుండగా కుదుపు తగిలి త్వరణం ఒక హద్దు దాటితే స్ప్రింగు భారం చాలక స్లైడర్ పైకి లేస్తుంది, మరుక్షణం మూల దెబ్బతో డిస్కు మీద పడుతుంది. ఆ హద్దు ఎంతో తెలుసుకోవడం తేలిక: భారాన్ని కొసన కదిలే ద్రవ్యరాశితో భాగించాలి. రెండున్నర గ్రాముల భారం, ఎనిమిది మిల్లీగ్రాముల ద్రవ్యరాశి అయితే హద్దు గురుత్వ త్వరణానికి సుమారు 310 రెట్లు. భారం పెంచితే గాలి పొర తట్టుకోదు, కాబట్టి ద్రవ్యరాశినే తగ్గించాలి. లోడ్ బీమ్ మందాన్ని సగం చేస్తే బరువు సగమవుతుంది గాని వంపు దృఢత్వం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే రేకును పలచన చేసి అంచులను గోడల్లా మడుస్తారు, నడుమ రంధ్రాలు చేస్తారు, కొన్నిటికి సాగే జిగురు మీద మరో పలచని ఉక్కు పొర అతికించి కంపనాన్ని మింగేలా చేస్తారు. అంచులు మరీ ఎత్తుగా మడిస్తే గాలికి తెరచాపలా అడ్డుపడతాయి. ఇలా ఒక చోట లాగితే ఇంకో చోట బిగుసుకునే లెక్క ఇది.

తీగల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకప్పుడు వెంట్రుకలాంటి రాగి తీగలను పేని స్లైడర్ వరకు తెచ్చేవారు. స్లైడర్లు చిన్నవయ్యే కొద్దీ ఆ తీగల బిగువే గింబల్ బిగువు కన్నా ఎక్కువై, ఒక్కో తీగ పడిన తీరును బట్టి ఒక్కో స్లైడర్ ఒక్కో పక్కకు ఒరిగేది. 1990లలో ఆ తీగలను ఫ్లెక్షర్ మీదే పొరగా వేయడం మొదలైంది: కింద సుమారు 20 మైక్రాన్ల ఉక్కు, మీద పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ పొర, దాని మీద రాగి గీతలు. దీనితో తీగ కూడా స్ప్రింగులో భాగమైంది. పాలీఇమైడ్ గాలిలోని తేమను పీల్చి ఉబ్బితే స్లైడర్ వాలు మారుతుంది; రాగి కింద ఉక్కు ఉంటే వేగమైన సంకేతం క్షీణిస్తుంది, ఉక్కును కోస్తే దృఢత్వం మారుతుంది. ఈ భాగాలను తయారుచేసే సంస్థలు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అమెరికాలోని మిన్నెసోటాలో 1965లో పుట్టిన హచిన్సన్ టెక్నాలజీ 2016లో జపాన్‌కు చెందిన టీడీకే చేతికి వెళ్ళింది. మరో ముఖ్య సంస్థ జపాన్‌లోని ఎన్‌హెచ్‌కే స్ప్రింగ్. కార్ల చక్రాల దగ్గరి స్ప్రింగులు చేసే ఆ సంస్థే ఈ రేకులనూ చేయడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. రెండు చోట్లా పేరు సస్పెన్షనే, రెండు చోట్లా సమస్య కూడా ఎక్కడ లొంగాలి, ఎక్కడ లొంగకూడదు అన్నదే.

నా వాదనకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2013లో వచ్చింది. ఆ ఏడాది హెచ్‌జీఎస్‌టీ సంస్థ లోపల హీలియం నింపి మూసేసిన డ్రైవును, ఏడు డిస్కులతో, ఆరు టెరాబైట్ల సామర్థ్యంతో అమ్మకానికి తెచ్చింది. హీలియం సాంద్రత గాలి సాంద్రతలో ఏడో వంతు. డిస్కులను తిప్పే శక్తి తగ్గడం ఒక లాభం. రేకును తట్టే సుడుల బలం తగ్గడం నా దృష్టిలో అంతకన్నా పెద్ద లాభం. అంటే గాలి కుదుపులను ఫిల్టర్లతో ఎదుర్కొనే దారి ఒక హద్దు దగ్గర ఆగినప్పుడు ఏళ్ళ తరబడి శ్రమించి గాలినే మార్చారు, ఆ చిన్న అణువులు బయటికి పోకుండా పెట్టెను మూసే విద్య నేర్చారు. 2024 నాటికి మూడున్నర అంగుళాల డ్రైవులో, అదే 26.1 మి.మీ. ఎత్తులో, పదకొండు డిస్కులు పట్టాయి. రెండు డిస్కుల నడుమ సందులో ఒక భుజం, దానికి పైనొకటి, కిందొకటి రెండు సస్పెన్షన్లు ఇమడాలి. సందు తగ్గే కొద్దీ వంపుకు దొరికే చోటు తగ్గుతుంది, మెలి అక్షాన్ని డింపుల్ మీదికి తేవడానికి మనకున్న ప్రధాన సాధనం ఆ వంపే.

ఇప్పుడు లేజరుతో వేడిచేసి రాసే డ్రైవులు వచ్చాయి. ఆ లేజరు డయోడును స్లైడర్ వీపు మీదే అతికిస్తున్నారు. అర మిల్లీగ్రాము పైచిలుకు ముక్క మీద మరో ముక్క చేరింది. దానికి దారి ఇవ్వడానికి ఫ్లెక్షర్ నాలుకలో కిటికీ కోయాలి, దానికి కరెంటు పంపే గీతలు అదనంగా వేయాలి, ద్రవ్యరాశి కేంద్రం డింపుల్ నుంచి తొలగకుండా చూడాలి. లేజరు వెలిగి ఆరే ప్రతిసారీ ఆ చుట్టుపక్కల లోహం వేడెక్కి చల్లారుతుంది. ఈ కొత్త పద్ధతి గురించి వచ్చే రాతలన్నీ పూత గురించి, కాంతి గురించి మాట్లాడుతున్నాయి. నేను మాత్రం ఆ కిటికీ అంచులు ఎలా కోశారో, పక్కనున్న సన్నని కాళ్ళ మందం ఎంత ఉంచారో చూడాలని ఎదురుచూస్తున్నాను.